జహ్రా బిడ్డ జింక్ రిపోర్టు

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు నన్ను వాళ్ల కాలేజీకి రెండు మూడుసార్లు పిలిచారు. వెళ్లినప్పుడల్లా నేను బాగా చేసిన పనుల గురించే చెప్పి వచ్చాను. చప్పట్లు కొట్టారు. ఒకసారి శాలువా కూడా కప్పారు. ఆ శాలువా మడిచి బీరువాలో పెడుతుంటే సిగ్గేసింది. వాళ్లకు చెప్పాల్సింది వదిలేసి, నాకు చెప్పుకోవాలనిపించింది చెప్పి వచ్చాను. ఆ వదిలేసినదే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. వాళ్ల పేర్లు రాయకపోవడం మర్యాద. నా పేరు రాయకపోవడం మాత్రం పిరికితనమే.

డెబ్భైల చివర్లో నేను కువైట్ వెళ్లాను. కాకినాడలో డిప్లొమా, అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో నాలుగేళ్ల పని, బొంబాయిలో ఇంటర్వ్యూ, ఆ తర్వాత విమానం. ఒక పెద్ద ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. జాబ్రియాలో ఇద్దరు మలయాళీలతో కలిసి ఉండేవాణ్ని. తెల్లకోటు, ఏసీ గది, చేతికింద ఖరీదైన యంత్రాలు. కొత్తలో అద్దంలో చూసుకుంటే నాకే ముచ్చటేసేది.

అప్పట్లో అక్కడ కనిపించే తెలుగువాళ్లలో ఎక్కువమంది కడప, రాయచోటి వైపు నుంచి వచ్చినవాళ్లు. మగవాళ్లు కార్లు నడిపేవాళ్లు, ఆడవాళ్లు ఇళ్లలో పనిచేసేవాళ్లు. ఇంటిపని చేసే ఆడవాళ్లను అక్కడ ఖద్దామా అంటారు. వాళ్లేమో ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తారు. "వాళ్లు మీవాళ్లే కదా?" అని ల్యాబులో ఎవరైనా అడిగితే, "మా జిల్లా వేరు, వాళ్ల జిల్లా వేరు" అనేవాణ్ని. బస్‌స్టాపులో తెలుగు వినబడితే చేతిలో పేపరు కాస్త పైకెత్తుకునేవాణ్ని. పలకరిస్తారేమోనని భయం. ఎందుకంత భయమని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని.

మా ల్యాబు పెద్ద పాలస్తీనా మనిషి. తల పండిపోయింది, మాట తక్కువ. నేను చేరిన రెండేళ్లకు, రక్తంలో లోహాలు కొలిచే యంత్రం ఒకటి తెప్పించాడు. సన్నటి మంటలోకి పలచన చేసిన రక్తరసాన్ని పీల్పించి, ఏ లోహం ఎంత ఉందో చెప్పే యంత్రం. జింక్ అందక పసిపిల్లల చర్మం, పేగులు పాడైపోయే జబ్బు ఒకటుందని, జింక్ ఇస్తే ఆ పిల్లలు తేరుకుంటున్నారని వైద్యులకు తెలిసి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ పరీక్ష చెయ్యగలిగినవాళ్లు మా ల్యాబులో ఇద్దరమే, ఆయనా, నేనూ.

ఆ పరీక్షకు ఒక ముఖ్యమైన షరతుంది. మామూలు రక్తం గొట్టానికి రబ్బరు మూత ఉంటుంది. రబ్బరు తయారీలో జింక్ వాడతారు. రక్తం ఆ మూతకు తగిలితే మూతలోని జింక్ రక్తంలోకి దిగుతుంది. అప్పుడు యంత్రం కొలిచేది బిడ్డ రక్తాన్ని కాదు, రబ్బరుని. అందుకని పెద్దాయన చిన్న ప్లాస్టిక్ గొట్టాలను స్వయంగా ఆసిడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి ఒక డబ్బాలో పెట్టేవాడు. డబ్బా ఆయన గదిలో ఉండేది. ఆ గది కారిడార్‌కి ఆ చివర. "జింక్‌కి ఇవి తప్ప ఇంకేదీ వాడకు" అని నాకు ఒకసారి చెప్పాడు. ఆయన ఏదైనా ఒకసారే చెప్పేవాడు.

ఎనభైల మొదట్లో ఒక వేసవి శనివారం. శుక్రవారం సెలవు తర్వాత కదా, రక్తం తీసే గది బయట జనం కిటకిటలాడుతున్నారు. లోపలికి ఒకావిడ పసివాణ్ని ఎత్తుకుని వచ్చింది. పాతికేళ్లుంటాయి, సన్నగా, నల్లగా ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. వెనకాల బురఖాలాంటి నల్లటి అబాయాలో బిడ్డ తల్లి, మళ్లీ కడుపుతో ఉంది. వాళ్లది కువైట్ సిటీకి పడమటనున్న జహ్రా. బిడ్డకు పదకొండు నెలలు.

వాణ్ని చూడగానే ఎవరో వేడినీళ్లు పోశారనుకున్నాను. నోటి చుట్టూ, కళ్ల చుట్టూ, వేళ్ల చివర్లలో, తొడల మధ్య చర్మం ఎర్రగా పచ్చిపుండై, అంచులు పొలుసులు కట్టి ఉంది. జుట్టు గుప్పెళ్లుగా రాలిపోయింది. వెలుతురు పడితే మొహం ఆమె భుజంలో దాచుకుంటున్నాడు. విరేచనాలు ఆగడం లేదని చీటీలో రాసి ఉంది. చీటీ చివర చర్మ వైద్యుడు జింక్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

చెయ్యి పట్టుకున్నాను. నరం దొరకలేదు. దొరికినట్టే దొరికి జారింది. నా నోట్లోంచి "అయ్యో, జారిపోయిందే" అని తెలుగులో వచ్చేసింది.

ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. "అన్నా, మీరు తెలుగోల్లా?" అంది.

పక్కన ఇద్దరు నర్సులు, ఇంకో టెక్నీషియన్ ఉన్నారు. నేను తల ఎత్తకుండా హిందీలో, "పిల్లాణ్ని గట్టిగా పట్టుకో" అన్నాను. ఆమెకు అర్థమైంది. గట్టిగా పట్టుకుంది. ఇంకేమీ అడగలేదు.

నరం దొరికింది. మామూలు పరీక్షలకు మామూలు గొట్టం నింపాను. జింక్ గొట్టం కోసం లేచి కారిడార్ చివరికి వెళ్లి రావాలి. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, బయట ఇరవై మంది ఉన్నారు, సూది తీస్తే మళ్లీ నరం దొరుకుతుందో లేదో. నేను లేవలేదు. ఇంకో రబ్బరు మూత గొట్టమే నింపి, ఎంతసేపని, వెంటనే రసం తీసేస్తే సరి అనుకున్నాను. వెంటనే తియ్యలేదు కూడా. పని ఒత్తిడిలో అది ట్రేలో పక్కకు ఒరిగి, రక్తం మూతకు ఆనుకుని, మధ్యాహ్నం దాకా అలాగే పడుకుంది.

ఆ ఉదయమే చర్మ వైద్యుడి గది నుంచి కబురొచ్చింది. ఆయన ఈజిప్టు మనిషి, నెమ్మదస్తుడు. పనిమనిషి మాట ఎవరికీ అర్థం కావడం లేదట, నా పాస్‌పోర్టులో ఆంధ్రప్రదేశ్ అని ఉందని ఎవరో చెప్పారట. వెళ్లాను. తల్లి కుర్చీలో, పనిమనిషి గోడ పక్కన, బిడ్డ ఆమె చంకలో.

"ఈ పనిమనిషి వేడి పాలు ఒంపి కాల్చిందని తల్లి అంటోంది. చూస్తే కాలినట్టుగా లేదు, నాకు నమ్మకం కుదరడం లేదు. ఏం జరిగిందో ఆమెను మొదటినుంచీ చెప్పమను" అన్నాడు డాక్టరు.

ఇక తప్పక తెలుగులో అడిగాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఇందాక హిందీ మాట్లాడినవాడు వీడే కదా అన్నట్టు. కానీ ఆ సంగతి ఎత్తలేదు. ఆగకుండా చెప్పుకుపోయింది.

"నేనొచ్చేతలికి బిడ్డ మామా పాలే తాగుతాండె అన్నా. ఒళ్లు నున్నగుండె. మామాకు మళ్లా నెల తప్పింది, పాలు మాన్పిచ్చిరి. డబ్బా పాలు పట్టబడితిమి. తల్లిపాలు మానినాక పది పదైదు దినాలకు నోటికాడ ఎర్రగయింది. ఆడ్నుంచి చేతులకు, కిందికి. నేను కాల్చలేదన్నా, నా బిడ్డ మీద ఒట్టు. ఇంగొకటి, డ్రైవరు సాబు చెప్పినాడు, నాలుగేండ్ల కిందట ఈ మామాకు ఇంకో మగబిడ్డ పుట్టి ఇట్లనే ఒళ్లంతా పుండ్లయి పొయ్యినాడంట. ఆ బిడ్డ నాటికి నేను ఆడ ల్యాను గదన్నా. ఇది నా చేతి నుంచి వచ్చింది కాదు. ఆ మాట డాక్టరుకు చెప్పు."

డాక్టరు నా వైపు చూస్తున్నాడు. తల్లి కూడా చూస్తోంది. చనిపోయిన బిడ్డ ఊసు, అదీ పనిమనిషి నోటి నుంచి, ఆ తల్లి ముందు నేనెందుకు ఎత్తాలి? వాళ్ల ఇంటి గొడవ, ఈమె వాగుడు, నాకు అవతల ట్రేల నిండా రక్తం. అలా అనుకున్నాను. "కాల్చలేదంటోంది. డబ్బా పాలు పడుతున్నానంటోంది" అన్నాను.

"అంతేనా? చాలాసేపు మాట్లాడింది కదా" అన్నాడు డాక్టరు.

"ప్రమాణాలు చేస్తోంది, అంతే" అన్నాను.

మధ్యాహ్నం జింక్ కొలిచాను. సాధారణంగా ఉండాల్సినంత ఉంది. రాసి, సంతకం పెట్టి పంపాను. డాక్టరు తన కాగితం మీద జింక్ అన్న మాట కొట్టేశాడు. ఏదో సూక్ష్మజీవుల వల్ల అనుకుని మందులు, పూతలు రాసి ఇచ్చాడు.

మూడు వారాల తర్వాత ఆ బిడ్డను పిల్లల వార్డులో చేర్చారు. రక్తం తియ్యడానికి నేనే వెళ్లాను. ఎముకలకు చర్మం అతికించినట్టు ఉన్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. మంచం పక్కన తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. వార్డు బయట వాళ్ల డ్రైవరు నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, రాయచోటి ముస్లిం, ఆ ఇంట్లో చాలా ఏళ్లుగా ఉన్నాడు. నన్ను చూసి సలాం చేశాడు.

"బిడ్డను ఎత్తుకొచ్చే ఆవిడేది?" అని అడిగాను. ఈసారి తెలుగులోనే.

"పంపిచ్చేసిరి సార్" అన్నాడు. "పరీక్షలన్నీ చేసినా జబ్బేందో తేలకపాయె, ఇది ఆ యమ్మ చేతి పనే అని మామా పట్టుబట్టె. బాబా ఇఖామా రద్దు చేపిచ్చె, ఇంగ ఈ దేశంలో ఉండేకి పర్మిటు ల్యాకపాయె. ఏర్‌పోర్టుకు నేనే దిగబెట్టి వచ్చినా. దావంతా ఒకటే మాట సార్, అన్నకు చెప్పినా, అన్న డాక్టరుకు చెప్పినాడు, అయినా నమ్మలేదు అని. ఖలాస్. ఏం చేస్తాం?"

డాక్టరుకు నేను చెప్పాననే నమ్మకంతోనే ఆమె విమానం ఎక్కింది.

మరుసటి రోజు చర్మ వైద్యుడు మా ల్యాబుకే వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు. రెండింటి మీదా నా సంతకమే. ఒకటి జింక్ రిపోర్టు. రెండోది అదే రోజు చేసిన మామూలు పరీక్షల రిపోర్టు. అందులో ఒక ఎంజైము ఉంటుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. దానికి జింక్ లేకపోతే పనిచెయ్యడం చేతకాదు. ఎదిగే పిల్లల్లో అది ఎక్కువగా ఉండాలి. ఈ బిడ్డలో అడుగంటి ఉంది.

"ఒకే బిడ్డ, ఒకే రోజు, ఒకే చెయ్యి. ఈ రెండింటిలో ఏది అబద్ధం?" అన్నాడు.

పెద్దాయన కాగితాలు తీసుకుని చూశాడు. నన్ను అడిగాడు, "జింక్‌కి ఏ గొట్టం వాడావు?"

"ప్లాస్టిక్‌దే" అన్నాను.

ఆలోచించకుండానే వచ్చేసింది. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

అందరూ భోజనాలకు వెళ్లాక నేను ఒక రబ్బరు మూత గొట్టంలో శుద్ధమైన నీళ్లు పోసి, పక్కకు ఒరిగించి, అటూ ఇటూ ఆడించి, ఆ నీళ్లను యంత్రానికి ఇచ్చాను. ముల్లు లేచింది. నీళ్లలో జింక్. ఇంకో గొట్టం, ఇంకో గొట్టం. ప్రతిసారీ లేచింది.

అప్పుడైనా పరుగెత్తాల్సింది. నేను ముందు ఆ గొట్టాలు పారేశాను. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి, "మూడు వారాలైంది కదా, ఇప్పుడు తగ్గి ఉండొచ్చు. మళ్లీ తీసి చూస్తాను" అన్నాను. తప్పు నాదని చెప్పకుండానే తప్పు దిద్దుకునే దారి వెతుక్కున్నానన్నమాట. కడిగిన ప్లాస్టిక్ గొట్టంలో రక్తం తీశాను. యంత్రంలో ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. బిడ్డ ఒంట్లో జింక్ లేనట్టే.

ఆ సాయంత్రమే మందుల గదిలో జింక్ సల్ఫేటు ద్రావణం కలిపించి చెంచాతో పట్టడం మొదలుపెట్టారు. మూడో రోజుకు విరేచనాలు కట్టాయి. పుళ్ల అంచులు ఎండడం మొదలైంది. వారం తిరిగేసరికి బిడ్డ వెలుతురు వైపు మొహం తిప్పి చూశాడు. నేను అంతకు ముందూ, తర్వాతా ఎన్నో మందులు పనిచెయ్యడం చూశాను. అంత తొందరగా, అంత చవక మందుతో ఒక మనిషి తిరిగి రావడం చూడలేదు.

మీరు ఇప్పుడు పుస్తకాల్లో చదువుకునేదంతా మాకు అప్పుడు తెలియదు. శరీరంలో ప్రతి కణమూ ఊపిరి తీసే పనిలో కొన్ని దుడుకు అణువులను పుట్టిస్తూనే ఉంటుందని, వాటిని అణచే ఎంజైముల్లో ఒకదానికి జింక్ కావాలని, జింక్ చాలకపోతే ఒంట్లో రేగిన వాపు, మంట తొందరగా చల్లారవని ఇప్పుడు చెబుతున్నారు. రోజూ కొత్తగా పుట్టాల్సిన చర్మం, పేగుల లోపలి పొర ముందు దెబ్బతింటాయి, రోగాలను అడ్డుకునే శక్తి సన్నగిల్లుతుంది. ఆ బిడ్డకు పుట్టుకతోనే పేగులు జింక్‌ను సరిగ్గా పీల్చుకోలేవు. తల్లిపాలలో ఉన్న జింక్ తేలిగ్గా ఒంటపడుతుంది కాబట్టి అవి తాగినంతకాలం నెట్టుకొచ్చాడు. పాలు మానగానే బయటపడింది. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో మళ్లీ మళ్లీ రాగల జబ్బు. అంటే ఆమె ఆ రోజు గోడ పక్కన నిలబడి చెప్పిన రెండు మాటల్లోనే జబ్బు మొత్తం ఉంది. నా యంత్రం అవసరమే లేదు.

బిడ్డను ఇంటికి పంపే రోజున తండ్రి పెద్ద పళ్లెం నిండా మిఠాయిలు డ్రైవరు చేత మోయించుకుని ల్యాబుకు వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకుని, "మళ్లీ రక్తం తీద్దామని నువ్వు అనకపోతే నా కొడుకు లేడు" అన్నాడు. అందరూ నా భుజం తట్టారు. నేను నవ్వాను. మిఠాయి తిన్నాను కూడా.

పళ్లెం మోసుకొచ్చిన డ్రైవరు వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగాడు. "సార్, అయితే ఆ యమ్మ కాల్చలేదు గదా?"

"లేదు."

"అదే మాట బాబాకు మీరు చెప్పండి సార్. నేను చెప్తే డ్రైవరు మాట. మీరు చెప్తే ఆస్పత్రి మాట."

"చెప్తాను" అన్నాను. చెప్పలేదు. చెబితే, మరి మొదటిసారి ఎందుకు తెలియలేదని అడుగుతారు. ఒకరోజు, రెండు రోజులు, ఐదు రోజులు. మళ్లీ శనివారం వచ్చింది. పళ్లెంలో మిగిలిన మిఠాయిలు ఎవరో నా బల్ల మీదే పెట్టారు, ఎండిపోయి ఉన్నాయి. లేచి కారిడార్ చివరికి నడిచాను. ఆ గది ముప్పై అడుగుల దూరం కూడా లేదు.

పెద్దాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రబ్బరు మూత, అబద్ధం, నీళ్లతో చేసిన పరీక్ష, పారేసిన గొట్టాలు. ఆయన అంతా విని, బీరువాలోంచి ప్లాస్టిక్ గొట్టాల డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"నువ్వు రెండోసారి రక్తం తీసేదాకా ఆ నెలలో ఇందులోంచి ఒక్కటి కూడా తగ్గలేదు. డాక్టరు వచ్చిన రోజే చూశాను" అన్నాడు.

"మరి ఎందుకు అడగలేదు?"

"బిడ్డకు మందు మొదలైంది కాబట్టి ఆగాను. నీ అంతట నువ్వు వస్తావేమోనని చూస్తున్నాను. రాకపోతే రేపు నేనే పిలిచేవాణ్ని." అని రిజిస్టరు తెరిచాడు. "పాత అంకె కొట్టెయ్. అది ఎందుకు తప్పో పక్కన నీ చేత్తో రాయి. తర్వాత ఇది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు."

డాక్టరు రిజిస్టరు చదివి మూసేశాడు. "గొట్టం సంగతి సరే. ఇలాంటివి జరుగుతాయి. ఆ రోజు ఆమె అంతసేపు ఏం చెప్పింది? ఇప్పుడు చెప్పు, అంతా" అన్నాడు.

చెప్పాను. తల్లిపాలు మానిన పదిహేను రోజులకు మొదలైందన్నది, ముందు ఒక మగబిడ్డ ఇలాగే పోయాడన్నది.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తండ్రిని అడిగాను, ఇద్దరు ఆడపిల్లలున్నారన్నాడు. పోయినవాడి మాట వాళ్లు ఎత్తలేదు. ఆ ఒక్క మాట నా చెవిన పడి ఉంటే నీ రిపోర్టును నమ్మేవాణ్ని కాదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని అన్నాడు, "మంగళవారం వాళ్లు బిడ్డను చూపించడానికి వస్తారు. నువ్వూ ఉండాలి."

మంగళవారం తల్లి ఒక్కతే వచ్చింది, బిడ్డతో. బుగ్గలకు చర్మం వచ్చింది, నెత్తి మీద నూగు జుట్టు మొలుస్తోంది. డాక్టరు జబ్బు సంగతి వివరించాడు, ఇందులో ఎవరి చేతి తప్పూ లేదన్నాడు. తర్వాత నన్ను మాట్లాడమన్నాడు. నా వచ్చీరాని అరబిక్‌లో మొత్తం చెప్పాను. పోయిన బిడ్డ మాట వచ్చేసరికి ఆమె చెయ్యి కడుపు మీదికి పోయింది.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె బిడ్డను సర్దుకుని లేచింది.

"వెళ్లే ముందు మూడు రోజులు ఆమె నా కాళ్లు పట్టుకుని తన భాషలో ఏదో చెబుతూనే ఉంది" అంది. "నాకు అర్థం కాలేదు. నీకు అర్థమైంది."

ఆ మాట అని వెళ్లిపోయింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఆరు నెలలు ఆ యంత్రం ముట్టుకోనివ్వలేదు, అంతవరకే. నాకైతే అధికారులున్నారు, విచారణ ఉంది, నా వాదన వినే మనిషి ఉన్నాడు. ఆమెకు నేనొక్కణ్నే ఉన్నాను.

ఆ చలికాలం సెలవుకు వస్తున్నప్పుడు డ్రైవరు ఆమె ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పాడు. తల్లి అతని చేతికి బిడ్డ ఫొటో ఒకటి ఇచ్చి పంపింది, ఆమెను మళ్లీ పిలిపించుకుంటామని కబురు కూడా. బొంబాయిలో దిగి ఇంటికి పోకుండా కడప రైలెక్కాను. రాయచోటి దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు.

ఆమె ఇంటి ముందు చెనక్కాయలు వలుస్తోంది. తెల్లకోటు లేకపోయేసరికి మొదట పోల్చుకోలేదు. కువైట్ ఆస్పత్రి అన్నాక లేచి నిలబడింది.

"ఓ, మీరా. ముందు హిందీ మాట్లాడి, ఆ పైన తెలుగు మాట్లాడిన సారు." వెంటనే అడిగింది, "బిడ్డ ఉండాడా?"

ఫొటో ఇచ్చాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది. "జుట్టు వచ్చిందే" అంది. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

నేను వచ్చిన పని చెప్పాను. అది పుట్టుకతో వచ్చిన జబ్బని, ఆమె తప్పు ఇసుమంత కూడా లేదని, ఆమె చెప్పిన మాటలు నేను డాక్టరుకు చెప్పలేదని. మామా మళ్లీ రమ్మంటోందని కూడా చెప్పాను.

ఆమె నేను చెప్పింది మొత్తం విని, "నేను పోను" అంది. "ఆడికి పొయ్యేది ఇంగ లేదు. అది సరే గానీ సార్, కాల్చలేదని నాకు తెలుసు. నాకెందుకు చెప్తాండారు? నాతో పాటు వచ్చిన వాళ్లెవరో ఊర్లో చెప్పిరి, ఇది అరబ్బోల్ల బిడ్డను కాల్చి వచ్చిందని. మా తోడికోడలు కానుపై మూడు నెలలాయె, బిడ్డను నా చేతికియ్యదు. నా సొంత బిడ్డకు నీళ్లు పోస్తాంటే మా అత్త పక్కనే నిలబడి చూస్తాంటాది. మీరు చెప్పాల్సింది నాకు గాదు. రాండి."

ఫొటో చేతిలో పట్టుకుని ముందు నడిచింది. నేను వెనకాల నడిచాను. మొదటిది వాళ్ల అత్త ఇల్లే. ఆమె ఆ గుమ్మంలో నిలబడి నా వైపు తిరిగి, "చెప్పండి" అంది. చెప్పాను. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ప్రతి ఇంటి ముందూ ఆగి, "ఈ బిడ్డే. ఈ సారు ఆ ఆస్పత్రిలోనే పని. చెప్పండి సార్" అనేది. జనం అరుగుల మీదికి వచ్చి వినేవాళ్లు. మొదట్లో నేను జబ్బు గురించి ఎక్కువ, నా గురించి తక్కువ చెప్పాను. ఆమె పక్కనే ఉండి వింటోంది. నాలుగో ఇంటికి వచ్చేసరికి అలా చెప్పడం నాకే చేతకాలేదు. నేను దాచిన మాటలే ముందు చెప్పాను.

ఐదో ఇంట్లో ఒక ముసలావిడ మంచం మీద కూర్చుని అంతా విని అడిగింది, "నీది మా మాటే గదా నాయనా. మా పిల్ల అంత మొత్తుకుంటాంటే ఆ పొద్దే ఎందుకు చెప్పకపోతివి?"

చాలామంది చుట్టూ ఉన్నారు. పని ఒత్తిడి అనొచ్చు. భాష సరిగా రాదనొచ్చు. "ఆమె పనిమనిషి కాబట్టి" అన్నాను. "ఆమె మాట్లాడేదీ నేను మాట్లాడేదీ ఒకటే భాషని అక్కడివాళ్లకు తెలిస్తే నాకు నామోషీ అనుకున్నాను."

నేను తల దించుకుని నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. ఫొటోను కొంగులో చుట్టుకుని వీధిలోకి దిగింది.

"రాండి సార్" అంది. "ఇంగా పైవీధి ఉండాది."